ముందు వంటగదిలోకి వెళ్లు

ఒరేయ్ సుబ్బూ,

బడి తల్లిదండ్రుల కమిటీకి నిన్ను ఛైర్మన్‌గా ఎన్నుకున్నారని చదివి ఎంత సంతోషమేసిందో! సిలబస్ గురించీ, ఇంగ్లీషు మీడియం గురించీ, కొత్త విద్యా విధానం గురించీ రెండు పేజీలు రాశావు. మధ్యాహ్న భోజనం ఊసు మాత్రం ఎత్తలేదేంరా? పేదింటి పిల్లల బతుకు మార్చిన ప్రభుత్వ నిర్ణయం ఏదని అడిగితే నేను మొదట చెప్పేది అదే.

1995 ఆగస్టు 15న కేంద్రం ఈ పథకం మొదలుపెట్టినా, చాలా రాష్ట్రాలు నెలకు మూడు కిలోల గింజలు చేతిలో పెట్టి ఊరుకున్నాయి. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు వండి పెట్టి తీరాలంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో బడి పొయ్యి వెలిగింది. చిన్నప్పుడు ఈ భోజనం అందిన ఆడపిల్లలు తల్లులయ్యాక వాళ్ల బిడ్డల ఎదుగుదల మెరుగ్గా ఉందని 2021లో ఒక పరిశోధన తేల్చింది. ఒక పూట అన్నం ఫలితం రెండో తరానికి అందిందన్నమాట. కూలికెళ్లిన తల్లికి మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తే పని తప్పడం దీనికి అదనం.

ఇక లెక్కలోకి రా. ప్రైమరీలో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. మీ బడిలో 80 మంది తింటే 8 కిలోల బియ్యం, కిలో 600 గ్రాముల పప్పు, 4 కిలోల కూరగాయలు, 400 గ్రాముల నూనె పడాలి. ఈ నాలుగు అంకెలూ వంటగది గోడ మీద పెయింటుతో రాయించు. బస్తా దిగగానే కాటా వేయించు. పాత బస్తా ముందు వాడమను, లేకపోతే అడుగున ఉన్నది పురుగు పడుతుంది. గుడ్లను నీళ్లలో వేసి చూడమను, తేలినవి పక్కన పెట్టాలి.

అసలు తంటా డబ్బు దగ్గర వస్తుంది. బియ్యం, గుడ్లు విడిగా వస్తాయి. మిగతా సరుకులకు 2025 మే నుంచి కేంద్రం పెట్టిన రేటు ప్రైమరీలో ఒక్కొక్కరికి రోజుకు 6 రూపాయల 78 పైసలు. రాష్ట్రం పైన ఏమైనా కలిపితే అది వేరు. 80 మందికి రోజుకు 542 రూపాయలు, 22 రోజులకు దాదాపు 11,930. మూడు నెలలు బిల్లు రాకపోతే 35,800 దాకా వంటమనిషి నెత్తిన పడుతుంది. నూటికి రెండు వడ్డీకి తెస్తే నెలకు 716 వడ్డీకే పోతుంది. ఆమె గౌరవ వేతనం చూస్తే 3,000!

అప్పుడేమవుతుందో చూడు. ఆమె కొట్లో అరువు పెడుతుంది, అరువు సరుకు ధర ఎక్కువ. పప్పు పలచనవుతుంది. ఆ నీళ్ల పప్పు తినలేక పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటారు. తిన్నవాళ్ల సంఖ్య తగ్గితే బిల్లూ తగ్గుతుంది, పప్పు ఇంకా పలచనవుతుంది. బయటివాళ్లు వచ్చి వంటామెను దొంగ అంటారు. ఆ మాట నువ్వు మాత్రం అనకు. ముందు ఆమె బిల్లులు ఎన్నాళ్లుగా ఆగాయో అడుగు.

దీనికి దారి కేంద్రం తెచ్చిన 2015 మధ్యాహ్న భోజన నిబంధనల్లోనే ఉంది. సరుకుల డబ్బు తాత్కాలికంగా రాకపోతే, హెడ్మాస్టరు బడిలో ఉన్న వేరే నిధి వాడి వంట ఆగకుండా చూడొచ్చు, డబ్బు వచ్చాక తిరిగి జమ చేసుకోవచ్చు. చాలామంది హెడ్మాస్టర్లు ఆడిట్ భయంతో దాని జోలికి పోరు. కమిటీ తీర్మానం చేసి సంతకాలు పెడితే ఆయనకూ ధైర్యం వస్తుంది. సరుకు లేకో, వంటమనిషి రాకో భోజనం పెట్టని రోజుకు పిల్లలకు ఆహార భద్రత భత్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది.

వడ్డించే ముందు ఒక టీచరు, ఒక తల్లి రుచి చూడాలి. దీన్ని లాంఛనం చేయనివ్వకు. 2013 జూలైలో బీహార్‌లో పురుగుమందు కలిసిన నూనెతో వండిన అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె డబ్బా పక్కన మరే డబ్బా ఉండకూడదు, అంతే.

ఇంకొకటి. వంటవాళ్లుగా దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊళ్లో ఎవరైనా ఫలానా ఆమె వండితే మా పిల్లలు తినరంటే, నువ్వు పళ్లెం పట్టుకుని పిల్లల వరసలో కూర్చో. అక్కడ ఒక్క మెట్టు దిగినా తర్వాత సరిచేయలేం.

వచ్చే సమావేశంలో మొదటి అంశంగా పెండింగ్ బిల్లులు పెట్టించు. ఏ నెలది ఎంతో మినిట్స్‌లో రాయించి, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. ఆ కాపీ నాకు పంపితే తర్వాత ఎవరికి రాయాలో చూద్దాం. గ్యాస్ సిలిండర్ల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. చెల్లెమ్మనూ పిల్లల్నీ అడిగానని చెప్పు.

ఉంటాను రా,
నీ రాఘవ