కొత్తపేట లాడ్జి అక్కకి

నిన్న సాయంత్రం బయాప్సీ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్లకి క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న పాలిప్, అంటే పెద్దపేగు లోపల మొలిచిన చిన్న కండ. అదీ పూర్తిగా తీసేశారు. పది రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. తప్పులుంటే మన్నించండి, ఇవాళ రాయకపోతే మళ్లీ పనుల్లో పడి రాయను.

నాకు ఏ బాధా లేదు. విరేచనంలో రక్తం పడలేదు, బరువు తగ్గలేదు, ఆకలి బాగానే ఉంది. పోయినేడాది మా అన్నయ్యకి 51 ఏళ్ల వయసులో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పారు: తోబుట్టువులు, పిల్లలు 40 ఏళ్లకి గానీ, ఇంట్లో మనిషికి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ల ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలని. నాకు 45. అయినా ఏడాది వాయిదా వేశాను. భయం, సిగ్గు.

పరీక్ష కోసం మార్కాపురం నుంచి గుంటూరు వెళ్లి, కొత్తపేటలో ఒక లాడ్జిలో దిగాం. పేగు శుభ్రపడటానికి పొడి మందు రెండు లీటర్ల నీళ్లలో కలుపుకుని సగం ముందురోజు రాత్రి, సగం తెల్లవారుజామున తాగాలి. గదికి అటాచ్డ్ బాత్రూం ఉందని లాడ్జివాళ్లు ఫోన్లో చెప్పారు, తీరా వెళ్లాక లేదన్నారు. వరండా చివర అందరికీ కలిపి రెండు బాత్రూములు. ఆ అంతస్తు నిండా మగవాళ్లు. మందు ముందు పెట్టుకుని తాగలేక కూర్చున్నాను.

అక్కడ ఊడ్చి కడిగే అక్క తలుపు దగ్గర ఆగి ఏమైందని అడిగింది. చెప్పాను. వెళ్లి చివరి బాత్రూం ఫినాయిల్ వేసి కడిగి, తాళం వేసి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "అడిగినోళ్లకి కుళాయి పాడైందని చెప్తాలే అమ్మా. రేపు పొద్దున దాకా ఇది నీదే." పదింటికి ఆవిడ పని అయిపోయింది. ఇంటికి వెళ్లలేదు. మెట్ల దగ్గర చాప పరుచుకుని పడుకుని, నేను వెళ్లిన ప్రతిసారీ లేచి లైటు వేసింది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో వెళ్లేసరికి బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, కిటికీ గట్టు మీద సీసా మూతలో కాస్త కొబ్బరినూనె. "మంటగా ఉంటది, రాసుకోమ్మా. దీనికి సిగ్గేంటి?" అంది. అన్నయ్య సంగతి తెలిసిన రోజున కూడా నలుగురిలో ఏడవలేదు నేను. ఆ మూత చేత్తో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పొద్దున డబ్బివ్వబోతే "ముందు రిపోర్టు రానీ" అంది. నిన్న రిపోర్టు రాగానే అన్నయ్యకి చెప్పాక నేను ఫోన్ చేసింది ఆ లాడ్జికే. ఆవిడని పిలిపించారు. "తీసేశారుగా? అన్నం తింటన్నావా?" అని అడిగింది. పేరు రాయొద్దంది, అందుకే రాయట్లేదు.

పాలిప్ 12 మిల్లీమీటర్లు, పెద్ద శనగగింజంత. పరీక్ష చేస్తూనే తీసేశారు. మళ్లీ మూడేళ్లకి రమ్మన్నారు. మావారు, పిల్లలు, మా వదిన అందరూ అండగా ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం కడుపులో పెట్టుకోలేకపోతున్నాను. లక్షణాలు లేకుండా చేయించుకున్న పరీక్షకి డబ్బు ఇచ్చేది లేదన్నారు ఇన్సూరెన్స్ వాళ్లు. మరి జబ్బు ముదిరాక లక్షలు ఇస్తారట! 30 దాటినవాళ్లకి ప్రభుత్వం చేసే పరీక్షల్లో బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి, పెద్దపేగు ఊసే లేదు. ఇంగ్లండులో ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి 50 దాటాక ఇంటికే కిట్ వచ్చింది. మలం కొంచెం తీసి పోస్టులో పంపితే కంటికి కనపడని రక్తం ఉందేమో చూస్తారు, అదీ రెండేళ్లకోసారి. మన దగ్గర ఈ జబ్బు వాళ్లంత ఎక్కువ లేదంటారు. సరే, అందరికీ కాకపోయినా, ఇంట్లో ఒకరికి వచ్చిన కుటుంబాలనైనా పిలిచి చెప్పే ఏర్పాటు ఉండాలి కదా. మాకు ఆ డాక్టరుగారు చెప్పబట్టి తెలిసింది.

అయ్యో, మత్తు ఇచ్చేదాకా నా చెయ్యి వదలని నర్సమ్మకి, నా క్లాసులు తీసుకున్న తెలుగు మాస్టారికి, తిరుగు బస్సులో ముందు సీటు ఇప్పించిన కండక్టరుగారికి కూడా నమస్కారాలు. మందుల షాపు అబ్బాయిని మర్చిపోయాను! పేగు శుభ్రపడే ఆ మందునీళ్లు చల్లగా చేసి, నిమ్మరసం వడకట్టి కలుపుకుని తాగమన్నాడు. ఆ రెండు లీటర్లూ గొంతు దిగాయంటే అతని వల్లే.