ప్రకృతి సేద్యం శిక్షణ డబ్బుల జమా ఖర్చుల వివరణ

ఊరివాళ్లందరికీ నమస్కారం. మార్చి నుంచి జులై వరకు జరిగిన ప్రకృతి సేద్యం శిక్షణ, నవధాన్యాల విత్తనం లెక్కలివి. జులై ఆఖరుకే పెడతామన్నాం. విత్తనాల డబ్బు తేలక ఆగాం.

జమ:
రైతుల వాటా, 31 మంది, 1,500 చొప్పున – రూ. 46,500
బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్న మన పిల్లలు – రూ. 40,000
కువైట్‌లో ఉన్నవాళ్లు – రూ. 22,000
పొదుపు సంఘాలు – రూ. 15,000
మొత్తం రూ. 1,23,500

ఇచ్చినవాళ్లందరికీ దండాలు. పొదుపు సంఘాల అక్కలు అడగకముందే తెచ్చిచ్చారు. శిక్షణకు పేర్లు రాయించిన రైతులు మాత్రం 38 మంది. ఏడుగురి దగ్గర 10,500 ఆగింది. అందులో ముగ్గురు కమిటీ కొన్న డ్రమ్ములు కూడా వాడుకున్నారు. పేర్లు రాయం, వాళ్లకే తెలుసు. కువైట్ నుంచి 30,000 అనుకున్నాం, అక్కడ జీతాలు ఆలస్యమైనవాళ్లను ఏమడుగుతాం?

ఖర్చు:
నేర్పడానికి వచ్చిన రైతుల చార్జీలు – 4,800
ఆరు రోజుల భోజనాలు – 9,600
చేలు చూడటానికి బస్సు – 18,500 (44 మంది వస్తామన్నారు, తెల్లారి 5కి వచ్చింది 29 మంది. బాడుగ తగ్గదు కదా)
200 లీటర్ల డ్రమ్ములు 8 – 10,400
జీవామృతానికి (చేలకు పోసే పేడ, పంచితాల ఎరువు) బెల్లం, పప్పుల పిండి – 6,250 (డ్రమ్ముకు రెండేసి కిలోలు. పేడ, పంచితం ఊళ్లోవే)
మైకు, ఫ్లెక్సీ, జిరాక్సులు – 3,100
విత్తన గుళికలు కట్టిన కూలి, 28 మందికి 300 చొప్పున – 8,400
విత్తనాలు – 41,350

ఇక అందరూ అడుగుతున్న 41,350 సంగతి.

మన జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల దాకా. అదీ ఒకసారి కురిసి నెల ఎగ్గొడుతుంది. వేరుశెనగ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు వేసి, పైన ఆకు అలుము కప్పాలనుకున్నాం. గింజకు బీజామృతం (పేడ, పంచితం, సున్నం కలిపిన నీళ్లు) పట్టించి, బంకమట్టి, బూడిద పూసి గుళికలు కడితే వాన కోసం కాచుకుని ఉంటుంది. చిన్న వానకే మొలిచి నేలను కప్పుతుంది. ఇది కమిటీ పుట్టించిన వింత కాదు, రాష్ట్రంలో చాలా ఊళ్లలో చేస్తున్నదే.

30 ఎకరాలకు, ఎకరాకు 12 కిలోల లెక్కన 360 కిలోలు కొన్నాం. సజ్జ, కొర్ర, జొన్న, నువ్వులు 150 కిలోలు, 10,200. అలసంద, పెసర, ఉలవ, కంది, అనప 210 కిలోలు, 16,800. సరుకు ఆపి ఉంచాలంటే మొత్తం ముందే కట్టాలన్నాడు వ్యాపారి. కట్టాం. ఆ తీర్మానం మీద 22 సంతకాలున్నాయి. ఇప్పుడు గట్టిగా అడుగుతున్నవాళ్లవీ ఉన్నాయి.

సరుకు వచ్చాక తడి గోనెలో వంద అలసంద గింజలు చుట్టి చూస్తే 41 మొలిచాయి. ధ్రువీకరణ విత్తనానికి 75 శాతం ఉండాలి. మిగతా పప్పుగింజలూ ఇలాగే సరిగా మొలవలేదు. కళ్లు మూసుకుని చల్లేస్తే ఎవరూ అడిగేవాళ్లు కాదేమో. కానీ అవి వెనక్కి పంపి, వేరేచోట కిలో 95తో 19,950కి కొన్నాం. బండి బాడుగ రానుపోను 2,400. పాత వ్యాపారి 8,000 తిరిగిచ్చాడు, ఇంకా 8,800 ఇవ్వాలి. రెండుసార్లు కొన్నదీ, బాడుగా కలిపి 49,350, అందులో తిరిగొచ్చిన 8,000 తీస్తే 41,350. ప్రతి సోమవారం మావాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు.

శాంపిల్ తెప్పించి మొలక చూడకుండా డబ్బు కట్టడం మా తప్పే. దానివల్ల మే రెండో వారంలో పడాల్సిన విత్తనం జూన్ 6న పడింది, గుళికల పని రెండు విడతలైంది. మొలవని అలసందలు అధ్యక్షుడి ఇంట్లో గుగ్గిళ్లయ్యాయన్న మాట మాత్రం అన్యాయం. 210 కిలోలూ వెనక్కి పంపిన రసీదుంది.

మొత్తం ఖర్చు రూ. 1,02,400. మిగిలింది రూ. 21,100. బ్యాంకులో 20,000, కోశాధికారి చేతిలో 1,100.

రసీదుల పుస్తకం పొదుపు సంఘం గదిలో ఉంది. సాయంత్రం 6 దాటాక రండి, పగలు తాళం వేసి ఉంటుంది. బాకీ ఉన్న ఏడుగురూ అప్పుడే వస్తే రెండు పనులూ అవుతాయి.

ఇట్లు,
శిక్షణ కమిటీ సభ్యులు