నూనె సరే, నడిచేదెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మధ్యధరా భోజనంతో (ఆలివ్ నూనె, కూరగాయలు, పప్పులు, చేపలు ఎక్కువగా ఉండే తిండి) షుగర్ దూరమని రాశారు. మీ పత్రిక పాతపట్నం మీదుగా ఒడిశాలోని మా పర్లాకిమిడి చేరి, ఇంట్లో అందరూ చదివి నా చేతికొచ్చేసరికి మర్నాడైంది. ఈలోగా మా కోడలు ఆలివ్ నూనె కొనేసింది. లీటరు వెయ్యి పైమాటే. దాంతో వంకాయ వేపుడు చేస్తే ఒక్కరూ ముట్టలేదు.

మీరు రాసిన ఆ అధ్యయనంలో, స్పెయిన్‌లో 4,746 మందిని రెండు బృందాలు చేసి ఆరేళ్లు చూశారు, షుగర్ వచ్చే ముప్పు 31 శాతం తగ్గింది. నిజమే. కానీ రెండు బృందాలూ తిన్నది మధ్యధరా భోజనమే కదండీ! ఒక బృందం రోజుకు సుమారు 600 కేలరీలు తగ్గించుకుని తింది, వ్యాయామం చేసింది, బరువు తగ్గడానికి సలహాలిచ్చేవాళ్లు వెంట ఉన్నారు. రెండోది లెక్క చూసుకోకుండా తింది. ఆ 31 శాతం ఈ రెంటి మధ్య తేడా. ఆ సంగతి వదిలేసి ఆలివ్ కాయల బొమ్మ మాత్రం అర పేజీ వేశారు. పైగా వాళ్లెవరికీ అప్పటికి షుగర్ లేదు. పదేళ్లుగా మాత్రలు మింగుతున్న నాలాంటివాళ్ల మాటేమిటి?

మా అమ్మ పొద్దున్నే చోడి (రాగి) అంబలి పోసేది. ఇప్పుడు మా ఇంట్లో మూడు పూటలా తెల్లన్నమే. అది మా తప్పే, ఒప్పుకుంటాను.

పోనీ నడుద్దామంటే ఎక్కడ? నాలుగు నెలల క్రితం మా వీధి కాలువ మీది పలకలు లేపి, పూడిక తీసి పక్కనే గుట్ట పోశారు. వానలకి ఆ గుట్టంతా మళ్లీ కాలువలోకే పోయింది. పలకలు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. తెలుగులో అర్జీ ఇస్తే ఒడియాలో తెమ్మన్నారు. డబ్బులిచ్చి ఒడియాలో రాయించి పట్టుకెళితే ఇంజినీరుగారు సెలవన్నారు. ఆ సెలవు ఏ క్యాలెండర్‌లో ఉందో మరి! ఆసుపత్రికి వెళితే షుగర్ చూసే మిషన్ ఉంది, స్ట్రిప్పులు లేవు, బయట కొనుక్కు రమ్మంటారు. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లోనే లెక్క తేల్చింది. ఆసుపత్రికి స్ట్రిప్పులు కొనే అధికారులకి ఆ లెక్క అందినట్టు లేదు.

మీరు సవరణ వేస్తే సంతోషం. సీసాలో ముప్పావు వంతు నూనె మిగిలింది, మీ ఆఫీసులో ఎవరికైనా కావాలంటే బస్సులో పంపిస్తాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా