ఇంటి పన్ను వివరాల విషయంలో మా అంగడిలో మారిన పద్ధతి

కడపలోని మా జెరాక్స్, ఆన్‌లైన్ సేవల అంగడికి ఇంటి పన్ను కట్టించుకోవడానికి, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రాలు) తీయించుకోవడానికి ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ ఒక తప్పు గురించి చెప్పవలసి ఉంది. అది మా అంగడిలోనే జరిగింది.

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ వస్తుంది కనుక, ఆ నెల చివరి వారంలో మా దగ్గర నిలబడడానికి కూడా చోటు ఉండదు. అలాంటి ఒక సాయంత్రం ఒక పెద్దమనిషి వచ్చి, తన మేనకోడలి ఇంటికి పన్ను కట్టాలని, పన్ను కోసం మునిసిపాలిటీ ఆ ఇంటికి ఇచ్చిన అసెస్‌మెంట్ నంబరు మాత్రం దగ్గర లేదని మా కుర్రవాడితో చెప్పాడు. నంబరు తెలియనివారికి యజమాని పేరుతో వెతికి పెట్టడం మాకు అలవాటే. పేరు కొట్టగానే నాలుగైదు ఇళ్లు వచ్చాయి. ఇంటిపేరు చూసి అందులో ఒకటి చూపించి, బకాయి కాగితం ప్రింటు తీయించుకుని, రేపు వచ్చి కడతానని చెప్పి పది రూపాయలు ఇచ్చి వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత ఒకామె అదే కాగితాన్ని నా ముందు పెట్టారు. నాలుగు మడతలు పడి, అంచులు నలిగి ఉంది. అడుగున మా అంగడి నీలం ముద్ర ఉంది. "అన్నా, ఈ ముద్ర మీదేనా?" అని మాత్రమే అడిగారు. భర్త నుంచి విడిపోయి, సొంత సంపాదనతో చిన్న ఇల్లు కొనుక్కుని, అత్తింటివారికి ఆనవాలు తెలియకుండా బిడ్డతో బతుకుతున్న ఆమె గడప ముందుకు వాళ్లు ఆ కాగితం పట్టుకునే వచ్చారు. గొడవలో అది వాకిట్లో పడిపోతే ఆమె తీసి దాచారు. ఇప్పుడు ఆ ఇంటిని బాడుగకు ఇచ్చి, తాను వేరే చోట బాడుగకు ఉంటున్నారు.

ఎవరైనా చూడగలిగిన రికార్డే కదా, మేము దొంగతనంగా తీసింది ఏముంది అని మొదట నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఆ వీలు లేకపోతే ఇల్లు కొనేవాడు మోసపోతాడు. చట్ట ప్రకారం బహిరంగపరచవలసిన వివరాలను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా తన పరిధి నుంచి తప్పించింది. అయితే ఆ పెద్దమనిషికి చట్టం ఇచ్చింది చూసే వీలు మాత్రమే. వెతికి, పోల్చి, ముద్ర వేసి చేతికి అందించింది మేము. ఆమెను క్షమించమని అడిగాను. ఆమె బదులు చెప్పకుండా వెళ్లిపోయారు.

అందుచేత ఇకమీదట పేరుతో గానీ, డోర్ నంబరుతో గానీ ఎవరి ఇంటి వివరాలూ వెతికి ఇవ్వము. పాత రసీదో, అసెస్‌మెంట్ నంబరో తెచ్చినవారికే పన్ను కడతాము. కువైట్‌లో ఉండి ఇక్కడి అమ్మానాన్నల ఇంటికి పన్ను కట్టేవారు మాకు చాలామంది ఉన్నారు. వారు పాత రసీదు ఫొటో పంపితే చాలు, పని అయిన రాత్రే దాన్ని మా ఫోన్‌లో నుంచి తీసేస్తాము. పేర్లు, ఫోన్ నంబర్లు, డోర్ నంబర్లు వరుసగా రాసి ఉన్న పొడవు పుస్తకం ఇన్నాళ్లూ కౌంటరు మీద తెరిచే ఉండేది. నిలబడిన ప్రతివారికీ అది కనిపిస్తుందని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు దాన్ని తీసివేసి టోకెన్లు ఇస్తున్నాము. ఈ పద్ధతి వల్ల కొందరు విసుక్కుని పక్క అంగడికి వెళ్తున్నారు, రాబడి తగ్గింది, అయినా మార్చను.

రికార్డులో నుంచి మీ పేరును తీయించే శక్తి మాత్రం నాకు లేదు. టెక్సాస్‌లో ఉంటున్న మా ఖాతాదారు ఒకరు అక్కడి పద్ధతి చెప్పారు. ఆ రాష్ట్ర పన్నుల చట్టంలోని 25.025 సెక్షన్ కింద, గృహహింసకు గురైనవారు, న్యాయమూర్తులు, పోలీసులు వంటివారు 50-284 నంబరు ఫారం నింపి, ఆస్తి విలువ కట్టే కార్యాలయంలో ఇస్తే, వారి ఇంటి చిరునామాను బయటివారికి చూపించరు. పన్ను లెక్క మాత్రం మామూలుగానే సాగుతుంది. రోజంతా ఫారాలు నింపే నా చేతికి మన దగ్గర అలాంటిది ఒక్కటీ రాలేదు. అది ఉండాలని కోరుతూ మునిసిపల్ కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. సంతకం పెట్టదలచినవారికి దాని నకలు మా దగ్గర ఉంది.

ఇంకొక పని మిగిలింది. పాత రసీదుల జెరాక్సులు మూడు సంచులు లోపల ఉన్నాయి. ఇంతకుముందు వీటిని కిలోల లెక్కన అమ్మేవాళ్లం, అవి బజ్జీల బండ్ల దగ్గర పొట్లాలుగా తేలేవి. కాగితాలు ముక్కలు చేసే యంత్రం కొన్నాను. మీ కాగితాలు మీరే తీసుకుపోవాలనుకుంటే ఈ ఆదివారం సాయంత్రంలోపు రండి. సోమవారం పొద్దున మిగిలినవన్నీ అందులో వేస్తాము.