కేబుల్ బిల్లు ఆపరేటర్ ఫోన్‌కి కాదు, కనెక్షన్ నంబరుకి కట్టండి

సంపాదకులకు నమస్కారం.

నెల మొదటి వారం వచ్చిందంటే అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: "డబ్బులు కట్ అయ్యాయి, నెట్ రాలేదు." దాని కింద సలహాలు మొదలు. రౌటర్ ఆపి వెయ్యమని ఒకరు, బ్యాంకుకి ఫోన్ చెయ్యమని ఒకరు, కేబుల్ అబ్బాయిని నిలదీయమని ఇంకొకరు. ఆ డబ్బు ఏ నంబరు మీద కట్టారని మాత్రం ఎవరూ అడగరు.

కరెంటు బిల్లు సర్వీసు నంబరు మీద కడతాం, లైన్‌మన్ ఫోన్‌కి పంపం. కేబుల్, ఇంటర్నెట్ దగ్గరకొచ్చేసరికి ఆపరేటర్ సెల్ నంబరుకి 350 రూపాయలు కొట్టి, "అన్నా, వేశాను" అని మెసేజ్ పెట్టి ఊరుకుంటాం. ఆ డబ్బు ఆయన సొంత ఖాతాలో పడుతుంది. పైనున్న ఎంఎస్‌వో, అంటే ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ, కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. ఆపరేటర్ తన లాగిన్ తెరిచి, ముందుగా డబ్బు నింపుకున్న వాలెట్ నుంచి మీ బాక్సు నంబరు మీద రెన్యూవల్ కొడితేనే గడువు పెరుగుతుంది. ఆ సమయానికి ఆయన స్తంభం మీద ఉండొచ్చు, వాలెట్ ఖాళీ అయి ఉండొచ్చు. ఒకే వీధిలో ఇద్దరు శ్రీనివాసరావులుంటే మీ డబ్బుతో పక్కింటి టీవీ వెలగనూ వచ్చు. రేపు ఆ ఆపరేటర్ తన ఏరియాని ఇంకొకరికి అమ్మేస్తే, మూడు నెలలకి ముందే కట్టిన మీ లెక్క కొత్తాయన దగ్గర ఉండదు.

ఇందులో తప్పంతా ఆపరేటర్‌ది అనడం అన్యాయం. నేరుగా కంపెనీకి కడితే తన వాటా తర్వాత ఎప్పుడో సర్దుబాటవుతుందని ఆయన భయం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో ఇచ్చిన నమూనా ఒప్పందం ప్రకారం నెట్‌వర్క్ చార్జీలో (పే చానెళ్ల ధర కాకుండా కనెక్షన్‌కి తీసుకునే నెలవారీ మొత్తంలో) నూటికి ఎంఎస్‌వోకి 55, స్థానిక ఆపరేటర్‌కి 45 వంతున పంపకం. వానలో తెగిన ఫైబర్ అతికించేది ఆ 45 వంతు మనిషే. అయితే ఆయన వాటా సంగతి ఆయనకీ ఎంఎస్‌వోకీ మధ్య తేలాల్సింది, దాని కోసం మన రసీదు పోగొట్టుకోనక్కర్లేదు.

సరైన దారి ఏమిటంటే, యూపీఐ యాప్‌లో "డబ్బు పంపు" దగ్గరికి కాకుండా బిల్లుల విభాగానికి వెళ్లడం. అక్కడ బ్రాడ్‌బ్యాండ్, ల్యాండ్‌లైన్, కేబుల్ టీవీ, డీటీహెచ్ అని వేర్వేరు గళ్లుంటాయి. ఒకే కంపెనీ పేరు రెండు మూడు గళ్లలో కనిపిస్తుంది కాబట్టి గడి తప్పితే బిల్లు దొరకదు. ఫైబర్ కనెక్షన్‌ని డీటీహెచ్‌లో వెతికితే వచ్చేదేమీ లేదు. బీఎస్‌ఎన్‌ఎల్‌లో వ్యక్తులకి ఒక పేరు, సంస్థలకి ఇంకో పేరు ఉంటుంది. ఇంటి కనెక్షన్‌కి "ఇండివిడ్యువల్" అన్నదే ఎంచుకోవాలి. అక్కడ ఎస్‌టీడీ కోడ్‌తో కలిపి ఫోన్ నంబరు, దానితోపాటు బిల్లు మీది అకౌంట్ నంబరు అడుగుతుంది. కోడ్ ముందు సున్నా పెట్టాలా వద్దా అన్నది గడి కిందే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. "వివరాలు సరిపోలలేదు" అని వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఆ సున్నానే.

కేబుల్ టీవీలో ఈ నంబర్ల గందరగోళం మరీ ఎక్కువ. బాక్సు సీరియల్ నంబరు ఒకటి, స్మార్ట్ కార్డుది వీసీ నంబరు ఒకటి, దరఖాస్తు ఫారం మీది సీఏఎఫ్ నంబరు ఒకటి, కస్టమర్ ఐడీ ఇంకొకటి. యాప్ ఏది అడుగుతోందో చూసి అదే ఇవ్వాలి. సీరియల్, వీసీ నంబర్లు సాధారణంగా డబ్బా అడుగున స్టిక్కరు మీద ఉంటాయి. అది చెరిగిపోతే రిమోట్‌లో మెనూ నొక్కి సిస్టమ్ సమాచారం లేదా స్మార్ట్ కార్డు సమాచారం తెరిస్తే చాలా బాక్సుల్లో తెర మీద కనిపిస్తాయి. స్టిక్కరు చూసి కొట్టేటప్పుడు 8కీ బీకీ, సున్నాకీ ఓకీ తేడా చూసుకోవాలి.

నంబరు కొట్టాక వచ్చే పేరు చదవకుండా ముందుకు పోకూడదు. "రామా..." అని సగం పేరు, సగం చుక్కలు కనిపించినా మీ ఇంటి పేరో కాదో తెలుస్తుంది. కనెక్షన్ పాత అద్దెదారు పేరు మీదో, ఇంటి ఓనరు పేరు మీదో ఉంటే ఆ పేరే వస్తుంది, కంగారు పడక్కర్లేదు. అసలు తెలియని పేరు వస్తే ఆగిపోవాలి. తప్పు నంబరు మీద కట్టిన బిల్లు, కంపెనీ లెక్కలో మాత్రం సక్రమంగా జమైన బిల్లే. దాన్ని వెనక్కి తెప్పించడం అంత తేలిక కాదు.

ఇక మొత్తం. ప్రకటనలో 499 అని ఉన్న ప్లాన్‌కి 18 శాతం జీఎస్టీ కలిపితే 588 రూపాయల 82 పైసలు. కొందరు 499 మాత్రమే కట్టి కనెక్షన్ ఎందుకు ఆగిందని అడుగుతారు, కొందరు 589 అని గుండ్రంగా కట్టబోతే యాప్ ఒప్పుకోదు. బిల్లు ఎంత ఉందో అంతే తీసుకోవాలా, ఎక్కువైనా సరేనా, తక్కువైనా సరేనా అన్నది ఒక్కో కంపెనీ తన బిల్లుకి పెట్టుకున్న నియమం, యాప్ పొరపాటు కాదు. కొన్ని యాప్‌లు దీనిపైన సొంత రుసుము కూడా కలుపుతాయి, క్రెడిట్ కార్డుతో కడితే అది ఎక్కువ. పిన్ కొట్టే ముందు చివరి అంకె చూడాలి.

కేబుల్‌లో "130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు, అంతకు మించి కట్టను" అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. 200 చానెళ్లకి 130 అన్న ఆ పరిమితిని ట్రాయ్ 2024 జూలైలో ఎత్తేసింది. ఇప్పుడు నెట్‌వర్క్ చార్జీ ఎంతన్నది కంపెనీ ప్రకటించిన ధరే. అయితే నెట్‌వర్క్ చార్జీ ఎంత, పే చానెళ్లకి ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా చూపించమని అడిగే హక్కు మనకి పోలేదు. "మొత్తం 350" అన్న నోటిమాట బిల్లు కాదు.

ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ తేడా తెలియక జరిగే నష్టం ఇంకొకటి. పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు తయారయ్యాకే యాప్‌లో కనిపిస్తుంది, అంతకు ముందు వెతికితే "బాకీ లేదు" అంటుంది. ఉదయం కంపెనీ యాప్‌లో కట్టి, సాయంత్రం ఇంకో యాప్‌లో అదే బిల్లు ఇంకా కనిపిస్తోందని మళ్లీ కట్టేవాళ్లున్నారు. కొన్ని కంపెనీల లెక్క మర్నాటికి గానీ సరికాదు. రెండోసారి కట్టింది సాధారణంగా వచ్చే బిల్లులో అడ్వాన్సుగా కలుస్తుంది గానీ చేతికి తిరిగి రావడం అరుదు. అమెరికాలో ఉన్న పిల్లలు ఎన్నారై ఖాతాతో గుంటూరులో అమ్మానాన్నల బిల్లు కట్టే ఇళ్లలో ఈ రెండుసార్లు కట్టడం మరీ తరచు. బిల్లు మెసేజ్ నాన్న ఫోన్‌కి వస్తుంది, ఆయన గుమ్మంలోకొచ్చిన కుర్రాడికి నగదు ఇచ్చేస్తారు, ఆ రాత్రే కొడుకు ఆన్‌లైన్లో కడతాడు. ఎవరో ఒక్కరే కట్టాలని ముందే అనుకోవాలి.

కట్టారు, జమైంది, అయినా బొమ్మ రాలేదనుకుందాం. కేబుల్ బాక్సుకి కొత్త అనుమతి కేబుల్ సిగ్నల్ ద్వారానే వస్తుంది. బాక్సు స్విచ్ ఆపి ఉంచితే అది అందదు. కాబట్టి బాక్సు వేసి, ఏదైనా ఒక చానెల్ మీద అరగంట వదిలెయ్యాలి. అప్పటికీ రాకపోతే "రీట్రాక్ కొట్టండి" అని, అంటే ఆ అనుమతి మళ్లీ పంపమని, ఆపరేటర్‌ని అడగాలి, ఆ మాట వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఇంటర్నెట్ అయితే రౌటర్ పాత లాగిన్‌నే పట్టుకుని "ప్లాన్ ముగిసింది" అనే పేజీనే చూపిస్తూ ఉండొచ్చు. ఫైబర్ డబ్బాని రెండు నిమిషాలు ఆపి మళ్లీ వేస్తే కొత్తగా లాగిన్ అవుతుంది. ఇక్కడ దీపాలు కూడా చూడాలి. ఎల్‌ఓఎస్ అని రాసున్న దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంటే వైరు తెగిందో వంగిందో అని అర్థం, దానికీ బిల్లుకీ సంబంధం లేదు. పీఓఎన్ (PON) అని రాసున్న దీపం పచ్చగా నిలకడగా ఉండి ఇంటర్నెట్ దీపం మాత్రం వెలగకపోతే అప్పుడు బిల్లో, లాగినో అని అనుమానించాలి. ఎర్ర దీపం చూసి భయపడి రెండోసారి రీచార్జ్ చేసిన డబ్బు వృథా.

డబ్బు ఖాతాలో తగ్గి, యాప్‌లో "పెండింగ్" అని ఉంటే వెంటనే మళ్లీ కట్టకూడదు. వ్యాపార చెల్లింపుకి యూపీఐలో డబ్బు తగ్గి అవతలికి నిర్ధారణ చేరకపోతే, ఆర్బీఐ 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నియమం విఫలమైన చెల్లింపులకే. డబ్బు కంపెనీకి చేరి కనెక్షన్ మాత్రం రాకపోతే అది కంపెనీతో తేల్చుకోవాల్సిన తగువు, బ్యాంకు చేయగలిగింది తక్కువ. ఈ రెండూ కలిపేసి బ్యాంకు చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది.

అందుకే పచ్చ టిక్కు గుర్తు స్క్రీన్‌షాట్ కన్నా విలువైనవి రెండు నంబర్లు. ఒకటి యూపీఐది, 12 అంకెలు. రెండోది బిల్లు చెల్లింపుది. యాప్‌ల వెనకున్న బిల్లుల వ్యవస్థని ఒకప్పుడు భారత్ బిల్‌పే అనేవారు, ఇప్పుడు భారత్ కనెక్ట్, దాని లావాదేవీ ఐడీలో అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి. ఫిర్యాదుకి పనికొచ్చేది ఇదే. కట్టిన యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఆపరేటర్ సెల్ నంబరుకి పంపిన డబ్బుకి ఈ రెండో నంబరు పుట్టనే పుట్టదు, తేడా అంతా అక్కడే ఉంది. బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి 30 రోజులైనా తేలకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. సేవలో లోపమైతే ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేసి దాని డాకెట్ నంబరు తీసుకోవాలి. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఈ ఫిర్యాదుల దగ్గరే దొంగలు కాచుకుని ఉంటారు. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్లో వెతికితే పైన కనిపించేది నకిలీది కావచ్చు. నంబరు బిల్లు మీద నుంచో, కంపెనీ యాప్ నుంచో మాత్రమే తీసుకోవాలి. "రీఫండ్ ఇస్తాం, ఈ యాప్ దించుకోండి" అని తెర పంచుకోమన్నారంటే ఫోన్ పెట్టెయ్యాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. వ్యక్తి నుంచి వ్యక్తి డబ్బు అడిగే రిక్వెస్టులని 2025 అక్టోబరు నుంచి ఆపేశారు గానీ, కొత్త ఎత్తులు వస్తూనే ఉంటాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. గేటు దగ్గర అంటించిన క్యూఆర్ మీద ఇంకో స్టిక్కరు అంటించడం కూడా తెలిసిన మోసమే, స్కాన్ చేశాక వచ్చే పేరు చూస్తే దొరికిపోతుంది.

ఆటోపే, అంటే ప్రతి నెలా బిల్లు దానంతట అదే ఖాతాలోంచి కట్ అయ్యే ఏర్పాటు, గురించి రెండు ముక్కలు. నెలవారీ చిన్న బిల్లుకి అది సుఖమే. 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ అడగదు, ఒక రోజు ముందు మెసేజ్ వస్తుంది. 2025 ఆగస్టు నుంచి ఈ డబ్బు కోతలు రద్దీ లేని వేళల్లోనే జరుగుతున్నాయి, కాబట్టి గడువు రోజు ఉదయం ఖాతాలో డబ్బు ఉంచితే సరిపోకపోవచ్చు, ముందు రాత్రికే ఉంచడం మంచిది. ఇల్లు మారేటప్పుడు మోడెం అప్పగించినంత మాత్రాన ఆటోపే ఆగదు. యూపీఐ యాప్‌లో ఆ మాండేట్‌ని (ఆటోపేకి మీరిచ్చిన అనుమతిని) విడిగా రద్దు చెయ్యాలి. ఏడాదికి ఒకేసారి కట్టమనే ఆఫర్ల విషయంలో, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు మూడు నెలలు దాటకపోవడం మంచిది. మిగిలిన నెలల డబ్బు తిరిగి రాబట్టడానికి పడే తిప్పల ముందు తగ్గింపు చిన్నదే.

బిల్లుల వ్యవస్థలో మొదట కరెంటు, నీళ్లు, గ్యాస్, టెలికాం, డీటీహెచ్ మాత్రమే ఉండేవి. 2019లో ఆర్బీఐ పరిధి పెంచాకే కేబుల్‌కి దారి తెరుచుకుంది. చిన్న ఊళ్ల ఆపరేటర్లు ఇంకా అందులోకి రానివాళ్లున్నారు. అలాంటి చోట సెల్ నంబరుకి పంపక తప్పదు. అప్పుడు కూడా నోట్ గడిలో "కేబుల్" అని కాకుండా బాక్సు నంబరు చివరి ఆరు అంకెలూ, నెల పేరూ రాయాలి. వెంటనే రసీదు అడగాలి.

ఎంఎస్‌వోలకీ, ఇంటర్నెట్ కంపెనీలకీ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఒక్క స్టిక్కరు ముద్రించండి: కస్టమర్ ఐడీ, యాప్‌లో కనిపించే బిల్లర్ పేరు, ఫిర్యాదు నంబరు, ఆ ఐడీకే ముడిపడిన క్యూఆర్. దాన్ని డబ్బా పైన అంటించండి. అడుగున అంటిస్తే, అది చదవడానికి వైర్లన్నీ ఊడదీసి, మళ్లీ ఏది ఎక్కడ పెట్టాలో తెలియక మీ మనిషినే పిలవాల్సి వస్తోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి