మూడు కంపెనీలు, ఒకటే రేటు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ వ్యాపార పేజీలో మొబైల్ కంపెనీలకు ఒక్కో వినియోగదారుడి మీద వచ్చే సగటు రాబడి పెరిగిందని, టెలికాం రంగం కోలుకుందని సంతోషంగా రాశారు. నాలుగు రోజులు ఊరుకుందామని చూశాను, మనసు ఒప్పలేదు. ఆ సగటు రాబడి మా జేబుల్లోంచి పోయిన డబ్బే కదండీ! కంపెనీ కోలుకున్న సంగతి అంత వివరంగా రాసిన మీ విలేకరికి, రీచార్జ్ చేయించుకునేవాడి గురించి ఒక్క వాక్యం రాయాలని తోచలేదా?

మా అక్క సూర్యాపేటలో ఒంటరిగా ఉంటుంది. 78 ఏళ్లు, చేతిలో బటన్ ఫోను. ఆమెకు నెట్ అక్కర్లేదు. మేం చేస్తే ఫోన్ మోగాలి, బ్యాంకు మెసేజ్ రావాలి, అంతే. ఒకప్పుడు పది రూపాయల టాపప్‌తో ఆ నంబరు నెలల తరబడి బతికేది. 2018 చివర్లో కనీస రీచార్జ్ అన్నారు, మొదట 35 రూపాయలు. ఇప్పుడు దుకాణంలో అడిగితే 199కి తక్కువ లేదంటున్నాడు, అదీ 28 రోజులకే. నెలకోసారి అనుకుంటాం గానీ లెక్కేస్తే ఏడాదికి 13 సార్లు. మొన్న పండుగ ముందు గడువు అయిపోయిన సంగతి ఆమెకు తెలియలేదు. రెండు రోజులు ఫోన్ కలవకపోతే నల్లకుంట నుంచి నేను ఆమె పక్కింటివాళ్లను బతిమాలి తలుపు కొట్టించాను. ఆమె లోపల నిక్షేపంగా ఉంది. ఆ రెండు రాత్రులు మాకు నిద్ర లేదు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఇరవై నిమిషాలు తిప్పి, చివరికి యాప్ డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. బటన్ ఫోన్‌లో యాప్ ఎక్కడ పెట్టుకోవాలి?

ఈ పరిస్థితి ఒక్క రోజులో రాలేదు. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అని వస్తే మిగతా కంపెనీలన్నీ నెలల్లో దిగొచ్చాయి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సిమ్ కార్డులు పిలిచి మరీ చేతిలో పెట్టేవారు. తర్వాత ఒక్కొక్క కంపెనీ కనుమరుగైంది. 2012లో 2జీ కేటాయింపుల కేసులో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరులో జియో ఉచితంగా వచ్చింది. డేటా చవకైంది, కాదనను, మా ఇంట్లోనూ అందరం సంతోషించాం. కానీ ఆ దెబ్బకు రిలయన్స్ కమ్యూనికేషన్స్ (ఆర్‌కామ్) మొబైల్ సేవలు ఆగాయి, ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టెలినార్‌ను, ఆపైన టాటా మొబైల్ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్ తీసుకుంది. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. ఆ రోజు 40 కోట్లకు పైగా ఖాతాదారులతో దేశంలోకెల్లా పెద్ద కంపెనీ అని చాటుకున్నారు. ఇప్పుడు అందులో సగం మందే మిగిలారు. ఆ విలీనానికి అనుమతులిచ్చిన, బజారులో పోటీని కాపాడాల్సిన కాంపిటీషన్ కమిషన్‌వారు, టెలికాం శాఖవారు ఈ సంగతి ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశారా?

ఇక 2024 సంగతి. జూన్ 27న జియో రేట్లు పెంచుతున్నట్టు ప్రకటించింది. మర్నాడే ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కూడా. జూలై 3, 4 తేదీల్లో అన్నీ అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జియోలో 239, ఎయిర్‌టెల్‌లో 265, వొడాఫోన్ ఐడియాలో 269 ఉన్న 28 రోజుల ప్లాన్లు మూడూ ఒక్కసారే 299కి చేరాయి. వీళ్లు కూడబలుక్కున్నారని నేననను, ఆ అవసరం కూడా లేదు. బజారులో ముగ్గురే కొట్లవాళ్లున్నప్పుడు ఒకడు రేటు పెంచితే మిగతా ఇద్దరూ ఎందుకు తగ్గిస్తారు?

నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. ‘నచ్చకపోతే పోర్ట్ పెట్టుకోండి’ అని కస్టమర్ కేర్ అమ్మాయి నాకూ చెప్పింది. పోర్ట్ పెట్టి ఎక్కడికి పోవాలి? 299 నుంచి 299కా? పది కంపెనీలున్నప్పుడు ఆ హక్కుకు విలువుంది, ఇప్పుడు అది కాగితం మీద మాటే. ఆ జూలైలో కడుపుమండి 29 లక్షల మంది దాకా బీఎస్‌ఎన్‌ఎల్‌కు చేరారు. అక్కడ 4జీ సరిగా లేక చాలామంది మళ్లీ వెనక్కి వెళ్లారు. మన దేశంలో 4జీ మొదలైంది 2012లో. ప్రభుత్వ సంస్థ దేశమంతటా 4జీ ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. ఈ 13 ఏళ్ల ఆలస్యానికి బాధ్యులెవరో ఏ మంత్రీ చెప్పలేదు. తనకు రావాల్సిన బాకీల కింద వొడాఫోన్ ఐడియాలో ప్రభుత్వం 49 శాతం వాటా తీసుకుంది. రేట్లు తగ్గాలని కోరుకోవాల్సిన సర్కారే అటువైపు వాటాదారు అయితే మా మొర వినేదెవరు?

అమెరికాలో మాత్రం బాగుందా అంటే అదీ లేదు. 2011లో టీ-మొబైల్ అనే ఫోన్ కంపెనీని కొనబోయిన మరో పెద్ద కంపెనీ ఏటీ అండ్ టీని అక్కడి న్యాయశాఖ కోర్టుకీడ్చి ఆపింది. 2020లో అదే టీ-మొబైల్ స్ప్రింట్ అనే ఇంకో కంపెనీని కలుపుకుంటానంటే ఒప్పుకున్నారు. మూడేళ్లు రేట్లు పెంచబోమని టీ-మొబైల్‌వారు మాటిచ్చారు. గడువు తీరాక 2024లో పాత ప్లాన్ల మీద లైనుకు రెండు నుంచి ఐదు డాలర్లు పెరిగింది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి బిల్లు పంపితే చూశాను.

మన బతుకు ఫోను మీద ఎంతగా ఆధారపడిందో మన నగరం చూసింది. 2025 ఆగస్టులో రామంతాపూర్ శోభాయాత్రలో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, కరెంటు స్తంభాల మీది ఇంటర్నెట్, టీవీ కేబుళ్లను ఎడాపెడా కోసేశారు. ఏళ్ల తరబడి ఆ తీగలు వేలాడుతుంటే చూడని అధికారులకు ప్రాణాలు పోయాక కత్తెర దొరికింది. ఎన్నో ఇళ్లలో నెట్ పోయింది. పిల్లల క్లాసులు, ఆఫీసు పనులు అన్నీ మొబైల్ డేటా మీద పడ్డాయి. రెండోసారి డేటా ప్యాక్ వేయించుకుని మా వీధిలో ఎంతమంది తిట్టుకున్నారో నేను విన్నాను.

కేవలం మాటలకూ మెసేజ్‌లకూ ప్లాన్లు పెట్టాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. మంచి ఆదేశమే. వెంటనే వచ్చిన ప్లాన్లు చూడండి: 84 రోజులకు ఒకరిది 448, ఒకరిది 469. డేటా తీసేసినా భారం పెద్దగా తగ్గలేదు. అవి కూడా యాప్‌లో అట్టడుగున ఉంటాయి, దుకాణంవాడు తనంతట తాను చెప్పడు. ట్రాయ్ ఛార్జీల జోలికి పోనన్న పాత పద్ధతి మానాలి. నంబరు బతికి ఉండటానికి, ఫోన్ మోగడానికి నెలకు 50 రూపాయలు దాటని ప్లాన్ ప్రతి కంపెనీ పెట్టి తీరాలని చెప్పాలి. ఇంకో విలీనం ముచ్చట వస్తే ముందు హైదరాబాద్‌లో బహిరంగ విచారణ పెట్టి మాలాంటివాళ్లను పిలవాలి. మీ వ్యాపార పేజీవాళ్లు ఒక రోజు కోఠిలో రీచార్జ్ దుకాణం ముందు గంటసేపు నిలబడితే ఈ ఉత్తరంలో లేనివి కూడా తెలుస్తాయి.

మా అక్క గడువు ఈ నెల 19తో అయిపోతుంది. క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లకుంట, హైదరాబాద్