కాల్ అయ్యాక ఎర్ర బటన్

తెనాలి,
సోమవారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి, అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి షుగర్ అదుపులోనే ఉంది. రాజ్యం పిన్ని వాళ్లబ్బాయి ఎల్లుండి డాలస్ బయల్దేరుతున్నాడు. గోంగూర, మాగాయ, కందిపొడితో పాటు ఈ ఉత్తరం కూడా ఇస్తున్నాను. మూతలు గట్టిగానే బిగించాను. అయినా సింకులో పెట్టి తియ్యి, నూనె కారుతుంది.

నిన్న మాట్లాడినప్పుడు నీ మొహం మీద వెలుతురే లేదు. ఆఫీసు మీటింగుల్లోనూ అలాగే కూర్చుంటావా? లైటు వెనకాల ఉంటే మనిషి నీడలా కనిపిస్తాడు, ఎదురుగా ఉండాలి. లాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెడితే కెమెరా కళ్ల ఎత్తుకి వస్తుంది. 2020లో ట్యూషన్ పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెబుతూ నేర్చుకున్నాను ఇవన్నీ. ఇంకోటి, మూడు వారాలుగా నీ వెనకాల అంతా మసక చేసేస్తున్నావు. ఆఫీసు వాళ్లకైతే సరే, మాకెందుకు నాన్నా? నీళ్ల సీసా కోసం నువ్వు పక్కకి వంగినప్పుడు ఆ మసక ఒక్క క్షణం చెదిరింది. గోడవారగా టేపు వేసిన అట్టపెట్టెలు కనిపించాయి. ఇల్లు మారుతున్నావా?

సరే, అది నువ్వే చెబుతావులే.

ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మైకు ఆపెయ్యి. వాళ్లు ఆపాక కూడా ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టు. గొంతు కాస్త ఆలస్యంగా వస్తుంది కదా, ఆగకపోతే ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. లేకపోతే స్పీకర్లో వచ్చిన మాట మళ్లీ మైకులోకి వెళ్లి, వాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వినిపిస్తుంది.

తాతయ్య పెద్దకర్మ గుర్తుందా? లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకే 20 మందికి మించకూడదన్నారు, ఇక కర్మకి ఎవరొస్తారు? శ్రీను బాబాయి ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి జూమ్ పెట్టాడు. డబ్బు కట్టకపోతే 40 నిమిషాలకే ఆగిపోతుందని రెండు లింకులు పంపాడు, అందరూ మ్యూట్‌లో ఉండమని ముందే చెప్పాడు కూడా. మామ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ గళ్లల్లో ఒక్కో మొహమే చూసుకుంటోంది. నువ్వు కనిపిస్తే వేలితో తెరని నిమిరింది. శాస్త్రిగారు పిండాలు పెట్టిస్తుండగా ఎవరిదో మైకు తెరుచుకుంది. ముందు కుక్కరు విజిల్, ఆ వెంటనే "ఇంకా ఎంతసేపట? టిఫిను చల్లారిపోతోంది, వచ్చెయ్" అన్న మాట. అన్నవాళ్లకి చెడు ఉద్దేశం లేదు, తమ ఇంట్లో తాము అనుకున్నారు, అంతే. కానీ మామ్మ విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. రెండో లింకు తెరిచినప్పుడు ఎంత పిలిచినా రాలేదు. తెర మీద నేను పేరు చూశాను. ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు, నాన్నగారికి కూడా.

అందుకే చెబుతున్నాను, ఎర్ర బటన్ నొక్కాక తెర మారిందో లేదో చూసుకో. నిన్న నువ్వు "ఉంటానమ్మా" అని లాప్‌టాప్ పక్కకి జరిపావు. కాల్ కట్ అవలేదు. నేనే కట్ చెయ్యాల్సింది, మర్యాద అదే. నీ గొంతు వినిపిస్తుంటే చెయ్యలేకపోయాను. నీ రూమ్మేట్‌తో కాబోలు, "అమ్మవాళ్లకి ఇంకా చెప్పలేదురా" అన్నావు. అప్పుడు కట్ చేశాను. నాన్నగారు అప్పటికే పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లారు, ఆయనకి తెలీదు.

రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగం సంగతా? హెచ్‌1బీ వాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువని మీ మావయ్య ఎప్పుడూ అంటుంటాడు. ఒంట్లో బాగోలేదా? అమ్మాయి విషయమా? ఏదైనా ఫర్వాలేదు, చెప్పు. పోస్టాఫీసు డిపాజిట్ జనవరిలో చేతికొస్తుంది, దాంతో ఇప్పుడు మాకేం పని లేదు.

ఈ ఆదివారం ఎనిమిదింటికి కాదు, ఏడింటికే చెయ్యి. మీ గడియారాలు మారాయి కదా, నీకు శనివారం రాత్రి ఏడున్నర అవుతుంది. ఆ టైముకి నాన్నగారు రైతుబజార్లో ఉంటారు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాను. మొహం చూపించాలని లేకపోతే కెమెరా ఆపేసుకో, అడగను.

ఆ పెట్టెలు ఒక్కడివే ఎత్తకు, నడుం పట్టేస్తుంది. కందిపొడిలో నెయ్యి వేసుకో.

అమ్మ